‘ఇంకా తినలేదు’ అని ఇంగ్లిష్‌లో అనడం నేర్పే పది రోజుల బ్యాచ్: ద్వారకానగర్‌లోని ఒక సెంటర్‌పై సమీక్ష

విశాఖపట్నం ద్వారకానగర్ సందుల్లో బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే కావడంతో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే పిల్లలు కూడా ఇక్కడే చేరతారు. ఆ బోర్డుల్లో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ వాళ్లు సాయంత్రం పూట పది రోజుల చిన్న బ్యాచ్ ఒకటి నడుపుతున్నారు. క్రియ ఒక్కటే, ‘ఈట్’. పని కూడా ఒక్కటే, ‘లేదు’ అని సరిగ్గా చెప్పడం. రోజుకు గంట, ఇరవై మంది లోపు, చేతికి 36 పేజీల పుస్తకం, రోజూ వాట్సాప్‌లో ఒక ఆడియో. ఫీజు 1,200 రూపాయలు. లోపాలు కూడా రాయాలి కాబట్టి సెంటర్ పేరు ఇక్కడ చెప్పడం లేదు.

ముందుగా తేల్చి చెప్పాల్సింది చెబుతాం. మొదటి ఆరు రోజుల పాఠాలకే ఆ డబ్బు చెల్లిపోతుంది. ఏడో రోజు నుంచి పట్టు సడలింది. పుస్తకంలో ఒకచోట తప్పు వాక్యాన్ని ఒప్పని అచ్చేశారు. అన్నిటికన్నా అవసరమైన ఒక పాఠం అసలు లేనే లేదు.

ఒక్క క్రియకు పది రోజులా అనిపిస్తుంది. చిక్కు ఎక్కడుందో చూస్తే అలా అనిపించదు. తెలుగులో ‘తినలేదు’ ఒక్కటే మాట. నిన్న రాత్రి తినలేదన్నా అదే, ఇంకా తినలేదన్నా అదే, మీరు వచ్చేసరికి నేను తినలేదన్నా అదే. పక్కనున్న ‘నిన్న’, ‘ఇంకా’, ‘వచ్చేసరికి’ అర్థాన్ని మోసుకెళ్తాయి, క్రియ మాత్రం కదలదు. ఇంగ్లిష్‌లో ఆ మూడు చోట్లా క్రియే మారాలి: ‘ఐ డిడెంట్ ఈట్’, ‘ఐ హావెంట్ ఈటెన్’, ‘ఐ హాడెంట్ ఈటెన్’. బడిలో పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టినవాళ్లు కూడా నోరు తెరిచేసరికి ‘డిడెంట్ ఈట్’ ఒక్కటే అంటారు. వాళ్లకు టెన్సులు రాక కాదు. తెలుగు బుర్రలో ఉన్న ఒకే ఒక ‘లేదు’కు ఇంగ్లిష్‌లో మొదట దొరికిన జత ‘డిడెంట్’, అది అక్కడే అతుక్కుపోయింది.

ఈ సెంటర్ చేసిన మంచి పని, పట్టికతో కాకుండా ‘లేదు’తో మొదలుపెట్టడం. మొదటి రోజు మాస్టారు లోపలికి వస్తూనే ముందు బెంచీలో అమ్మాయిని అడుగుతారు, “ఏమ్మా, తినీసి వచ్చావా?” అని. “నేదు సార్, ఇంకా తిన్నేదు” అంటుంది ఆ అమ్మాయి. బోర్డు మీద ఆ మాటను అలాగే, ఉత్తరాంధ్ర యాసలోనే రాస్తారు. ‘ఇంకా’ కింద గీత గీసి, హావెంట్‌కు తలుపు తీసే తాళంచెవి ఇదే అంటారు. తర్వాత వరసగా ‘ఇంకా’, ‘ఇప్పటిదాకా’, ‘ఎప్పుడూ’, ‘ఈ మధ్య’ ఒక పక్క. ‘నిన్న’, ‘మొన్న’, ‘పోయిన ఆదివారం’, ‘చిన్నప్పుడు’ ఇంకో పక్క. మొదటి పక్కవాటికి హావెంట్, రెండో పక్కవాటికి డిడెంట్. పాఠం తెలుగు మాట నుంచి ఇంగ్లిష్ క్రియకు వెళ్తుంది, రూలు నుంచి ఉదాహరణకు కాదు. మాట్లాడేటప్పుడు బుర్ర వెళ్లే దారి కూడా అదే కాబట్టి ఈ వరస సరైనది.

రెండో రోజు గడియారం పాఠం ఈ బ్యాచ్ మొత్తంలో మేలైనది. అట్టతో చేసిన పెద్ద గడియారం, గుండుసూదితో బిగించిన రెండు ముళ్లు. ముళ్లు పది గంటల మీద పెట్టి, “పొద్దున టిఫిన్ తినలేదు” అని చెప్పమంటారు. జవాబు ‘ఐ హావెంట్ ఈటెన్ బ్రేక్‌ఫాస్ట్ దిస్ మార్నింగ్’. ఇంకా పొద్దుటే కదా, ఇడ్లీ తినే వేళ దాటిపోలేదు. ముళ్లను నాలుగు గంటల మీదికి తిప్పి అదే తెలుగు వాక్యం మళ్లీ అడుగుతారు. ఇప్పుడు జవాబు ‘ఐ డిడెంట్ ఈట్ బ్రేక్‌ఫాస్ట్ దిస్ మార్నింగ్’. ‘దిస్ మార్నింగ్’ అక్కడే ఉంది, పొద్దు మాత్రం దాటిపోయింది. తలుపు ఇంకా తెరిచి ఉంటే హావెంట్, మూసుకుపోతే డిడెంట్. పది నిమిషాల్లో ముళ్లు అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, కళ్లు గడియారం మీద పెట్టి నోటితో క్రియ మార్చడం అలవాటవుతుంది. ‘దిస్ వీక్’, ‘దిస్ మంత్’, ‘టుడే’ అన్నీ ఇదే పద్ధతిలో సర్దుకుంటాయి. ఇలాంటి అట్టముక్క ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

మూడో రోజు హావెంట్, హాజెంట్. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. ‘తిన్నాను, తిన్నాడు, తిన్నారు’ అని మనిషిని బట్టి క్రియ మార్చుకునే మనం, లేదు అనేసరికి మార్చం. నేను తినలేదు, వాడు తినలేదు, వాళ్లు తినలేదు. అందుకే ‘హి హావెంట్ ఈటెన్’ అని జారిపోతాం. ‘హి హాజ్ ఈటెన్’ అని తడబడకుండా అనేవాళ్లు కూడా లేదు అనేటప్పుడు జారతారు. మాస్టారు ఈ కారణం చెప్పరు, కసరత్తు మాత్రం గట్టిగా చేయిస్తారు: ‘మై ఫాదర్ హాజెంట్ ఈటెన్’, ‘ది చిల్డ్రన్ హావెంట్ ఈటెన్’, ‘ది క్యాట్ హాజెంట్ ఈటెన్’, ఇలా అరవై వాక్యాలు. కారణం కూడా ఒక్క మాటలో చెప్పి ఉంటే అరవై బదులు ఇరవైతో సరిపోయేది.

క్రియ మూడో రూపం సంగతి పుస్తకంలో నాలుగు పేజీలు ఆక్రమించింది. ‘హావెంట్ ఏట్’, ‘డిడెంట్ ఏట్’, ‘డిడెంట్ ఈటెన్’, మూడూ తప్పే. ‘డిడ్’లోనే జరిగిపోయిన కాలం ఉంది కాబట్టి దాని వెనక క్రియ మామూలు రూపంలోకి వచ్చేస్తుంది, ‘ఈట్’. ‘హావ్’ వెనక ఎప్పుడూ ‘ఈటెన్’. ఇంతే విషయం. నాలుగు పేజీలు అక్కర్లేదు.

నాలుగో రోజు పాఠం కోసమైనా ఈ పుస్తకం కొనొచ్చు. ‘ఏమీ తినలేదు’ అన్న మాటను అందరూ ‘ఐ హావెంట్ ఈటెన్ నథింగ్’ అంటారు. ‘ఎప్పుడూ తినలేదు’ అంటే ‘ఐ హావెంట్ నెవర్ ఈటెన్’. తప్పు ఎందుకొస్తుందో పుస్తకం చక్కగా పట్టుకుంది. ‘ఏమీ’, ‘ఎప్పుడూ’, ‘ఎక్కడా’, ‘ఎవరూ’ తమంతట తాము కాదనే మాటలు కావు. చివర ‘లేదు’ వచ్చాకే వాక్యం కాదంటుంది. అంటే మన ‘ఏమీ’కి జత ‘ఎనీథింగ్’, ‘నథింగ్’ కాదు. మన ‘ఎప్పుడూ’కి ఇక్కడ జత ‘ఎవర్’. ‘ఐ హావెంట్ ఈటెన్ ఎనీథింగ్’ అనొచ్చు, లేదా ‘ఐ హావ్ ఈటెన్ నథింగ్’ అనొచ్చు. కాదనడం వాక్యంలో ఒక్కచోటే ఉండాలి. బీచ్ రోడ్డులో ముంత మసాలా ఎప్పుడూ తినలేదంటే ‘ఐ హావ్ నెవర్ ఈటెన్ ముంత మసాలా’. రెండు ‘లేదు’లు ఒకే వాక్యంలో పడకుండా ఎరుపు, నీలం చుక్కలతో చేయించిన అభ్యాసం ఉంది. ఎరుపు చుక్క ఒక్కటే ఉండాలి. చిన్నపిల్లలకు కూడా అందుతుంది.

అదే రోజు ‘ఇంకా’కు ఉన్న రెండు జతలు. ‘యెట్’ వాక్యం చివర కూర్చుంటుంది: ‘ఐ హావెంట్ ఈటెన్ యెట్’. ‘స్టిల్’ హావెంట్‌కు ముందు నిలబడుతుంది: ‘ఐ స్టిల్ హావెంట్ ఈటెన్’. అర్థంలో తేడా ఉంది. మొదటిది మామూలు సమాచారం. రెండోదానిలో విసుగు ఉంది, మధ్యాహ్నం మూడైపోయింది, ఇంకా తిండి లేదు అన్నట్టు. అత్తగారు ఫోన్ చేసి తిన్నావా అమ్మా అంటే స్టిల్‌తో జవాబిస్తే ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదని ఫిర్యాదు చేసినట్టవుతుంది. ‘ఐ హావెంట్ స్టిల్ ఈటెన్’ అని మధ్యలో దూర్చడం మన దగ్గర బాగా వినిపిస్తుంది, అది వద్దు.

‘పొద్దుట్నుంచి’ విషయంలో మాత్రం పుస్తకం అరకొరగా ఆగిపోయింది. ‘ఐ యామ్ నాట్ ఈటింగ్ సిన్స్ టూ డేస్’ తప్పని చెప్పి, ‘ఫర్ టూ డేస్’, ‘సిన్స్ మండే’ తేడా నేర్పారు. మంచిదే. రోజులు లెక్కపెడితే ఫర్, మొదలైన గడియ చెబితే సిన్స్. కానీ అంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. ‘పొద్దుట్నుంచి ఏమీ తినలేదు’ అంటే మనకు లేచిన దగ్గర్నుంచీ ఖాళీ కడుపే అని అర్థం. దాన్ని యథాతథంగా ‘ఐ హావెంట్ ఈటెన్ సిన్స్ దిస్ మార్నింగ్’ అంటే వినేవాళ్లు పొద్దున తిన్నారనీ, ఆ తర్వాత తినలేదనీ అనుకుంటారు. ‘సిన్స్ బ్రేక్‌ఫాస్ట్’ అంటే బ్రేక్‌ఫాస్ట్ కడుపులో పడ్డాక అని అర్థమయ్యే తీరులోనే. పూర్తిగా ఖాళీ కడుపైతే ‘ఐ హావెంట్ ఈటెన్ ఎనీథింగ్ టుడే’ అనాలి, లేదా ‘ఆల్ డే’ అనాలి. ‘సిన్స్ లాస్ట్ నైట్’ అంటే ఇంకా స్పష్టం. ఈ ఒక్క పేరా పుస్తకంలో చేరిస్తే బాగుంటుంది.

అయిదు, ఆరు రోజులు హాడెంట్‌వి. ఇక్కడ మాస్టారు టిఫిన్ డబ్బా తెస్తారు, మాటవరసకు కాదు, నిజం డబ్బాయే. ఒక కుర్రాణ్ని బయటికి పంపి తలుపు వేస్తారు. లోపల డబ్బా మూసే ఉంటుంది. కుర్రాడు తిరిగి వస్తాడు. ఆ తర్వాత డబ్బా తెరిచి ఒక అమ్మాయి చపాతీ ముక్క నోట్లో వేసుకుంటుంది. ఇప్పుడు ప్రశ్న: వాడు లోపలికి వచ్చేసరికి సంగతేంటి? ‘వెన్ హి కేమ్ ఇన్, షి హాడెంట్ ఈటెన్.’ వచ్చేసరికి తినలేదు, తర్వాత తింది. ఇప్పుడు తిన్నది కాబట్టి హావెంట్ కుదరదు, వాడు రావడం అనే గుర్తు ఉంది కాబట్టి హాడెంట్ కావాలి. జరిగిపోయిన కాలంలో ఒక మేకు కొట్టి, ఆ మేకు దగ్గర నిలబడి వెనక్కి చూడటమే హాడెంట్. ‘వచ్చేసరికి’, ‘అప్పటికి’, ‘ఫోన్ చేసేటప్పటికి’ మన మేకులు. డబ్బా పాఠం ఎవరూ మరిచిపోరు.

ఇంత బాగా చెప్పి, పుస్తకం 19వ పేజీలో ‘ఐ హాడెంట్ ఈటెన్ ఎనీథింగ్ యస్టర్‌డే’ అనే వాక్యాన్ని సరైన వాక్యాల కింద ఒంటరిగా వేశారు. ముందూ వెనకా దానికి సందర్భమిచ్చే వాక్యం లేదు, మేకు లేదు. నిన్న ఏమీ తినలేదు అని చెప్పాలంటే ‘ఐ డిడెంట్ ఈట్ ఎనీథింగ్ యస్టర్‌డే’. మన దగ్గర ‘హాడ్’ను జరిగిపోయింది అనడానికి వేసే రబ్బరు ముద్రలా వాడతారు. ఉత్తరాల్లో, ఆఫీసు మెయిళ్లలో ‘ఐ హాడ్ నాట్ రిసీవ్డ్’ అని రాసేవన్నీ ఈ కోవలోవే. ఆ అలవాటు పోగొట్టాల్సిన పుస్తకమే దాన్ని అచ్చేస్తే ఎలా? ఇది చిన్న అచ్చుతప్పు కాదు, పాఠాన్ని వెనక్కి లాగే తప్పు.

హాడెంట్ దగ్గరే చెప్పాల్సిన మరో మాట ఉంది, దాన్ని పుస్తకం వదిలేసింది. ‘తినకముందే వెళ్లిపోయాడు’ అన్నదాంట్లో మనం ‘తినక’ అని కాదనే రూపం వాడతాం. దాన్ని పట్టుకుని ‘హి లెఫ్ట్ బిఫోర్ హి హాడెంట్ ఈటెన్’ అనేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్‌లో ‘బిఫోర్’లోనే ఆ కాదనడం ఇమిడి ఉంది: ‘హి లెఫ్ట్ బిఫోర్ హి హాడ్ ఈటెన్’, ఇంకా సులువుగా ‘హి లెఫ్ట్ వితౌట్ ఈటింగ్’.

ఏడో రోజు వోంట్. ఇక్కడ నుంచి పాఠం పల్చబడింది. ‘బై ఎయిట్ ఓ క్లాక్, ఐ వోంట్ హావ్ ఈటెన్’ లాంటి వాక్యాలు ఇరవై బోర్డు మీద రాసి ఎక్కించుకోమన్నారు. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే రూపం ఉంది, ‘తిని ఉండను’. ‘మీరు ఎనిమిదికి వస్తే మేం తిని ఉండం, కలిసే తిందాం’ అని రోజూ అంటూనే ఉంటాం. అక్కడి నుంచి మొదలుపెట్టి ఉంటే పది నిమిషాల పని. పైగా ‘ఉండను, ఉండడు, ఉండరు’ అని మన క్రియ మారుతుంది, ఇంగ్లిష్‌లో ‘వోంట్ హావ్ ఈటెన్’ ఎవరికైనా ఒక్కటే. హావెంట్, హాజెంట్ దగ్గర పడిన కష్టానికి ఇక్కడ ఊరట. ‘హి వోంట్ హాజ్ ఈటెన్’ అనేవాళ్లు ఆ ఊరటను అందుకోలేకపోతున్నారు. వోంట్ వెనక ‘హావ్’ కదలదు.

ఇంకో అందమైన పోలిక కూడా చేజారింది. ‘వాడు ఇంకా తిని ఉండడు, ఓ ముద్ద వాడికీ ఉంచు’ అంటే రాబోయే సంగతి కాదు, ఇప్పటి సంగతి మీద మన ఊహ. ఇంగ్లిష్ వోంట్ కూడా అచ్చం అలాగే పనిచేస్తుంది: ‘హి వోంట్ హావ్ ఈటెన్ యెట్, కీప్ సమ్ ఫర్ హిమ్.’ రెండు భాషలూ ఒకే రూపానికి ఒకే రెండు పనులు అప్పజెప్పాయి. తెలుగు పిల్లలకు ఇంత తేలిగ్గా అందే చోట బోర్డు మీది వాక్యాలను ఎక్కించుకోమనడం బాధ కలిగించింది. ‘ఎనిమిదింటికల్లా’, ‘ఎనిమిదింటిదాకా’ తేడా కూడా చెప్పలేదు. ‘వి వోంట్ హావ్ ఈటెన్ బై ఎయిట్’ అంటే ఎనిమిదయ్యేసరికి మా భోజనం అయ్యుండదు. ‘వి వోంట్ ఈట్ అంటిల్ ఎయిట్’ అంటే ఎనిమిదింటిదాకా తినం, అప్పుడే కూర్చుంటాం. పెళ్లి కేటరింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలియకపోతే అన్నం చల్లారిపోతుంది.

ఎనిమిదో రోజు ‘హావెంట్ బీన్ ఈటింగ్’ను ముప్పావుగంటలో ముగించారు. సరిపోతుంది. ‘ఈ మధ్య సరిగా తినడం లేదు’ అంటే ‘ఐ హావెంట్ బీన్ ఈటింగ్ వెల్’. మనం ‘తినడం లేదు’ అని ఇప్పటి కాలంలో చెబుతాం కాబట్టి ‘ఐ యామ్ నాట్ ఈటింగ్’ వచ్చేస్తుంది. ‘ఈ మధ్య’, ‘కొన్నాళ్లుగా’ ఉంటే బీన్ తగిలించాలి, అంతే.

తొమ్మిదో రోజు ఉచ్చారణ. మాస్టారు చెప్పేటప్పుడు బాగానే ఉంది, వాట్సాప్ ఆడియోలే నిరాశపరిచాయి. ప్రతి మాటా విడివిడిగా, ఒకే బరువుతో చదివారు: ‘ఐ, హావెంట్, ఈటెన్’. అసలు చిక్కు బరువులోనే ఉంది. ఔనన్నప్పుడు ‘ఐవ్ ఈటెన్’ అని హావ్ నలిగిపోయి, బరువు ఈటెన్ మీద పడుతుంది. కాదన్నప్పుడు హావెంట్ నిండుగా పలుకుతుంది. మనం ఔనన్నప్పుడు కూడా ‘ఐ హావ్ ఈటెన్’ అని హావ్‌ను గట్టిగా నొక్కుతాం. హావెంట్ చివరి ‘ట్’ను వేగంలో మింగేస్తాం. ఫోన్‌లో అవతలివాళ్లకు రెండూ ఒకటే వినిపిస్తాయి, తిన్నారో లేదో అర్థం కాదు. మందు తేలికే: ఔనన్నప్పుడు ‘ఐవ్’ అని కుదించండి, కాదన్నప్పుడు హావెంట్‌ను నొక్కండి. ‘ఈటెన్’లో రెండో అచ్చు దాదాపు వినిపించదు, ‘ఈట్‌న్’కు దగ్గరగా ఉంటుంది. మాట చివర అచ్చు చేర్చే మన అలవాటుతో ‘హావెంటు ఈటెను’ అనకుండా ఉంటే చాలు, యాస గురించి దిగులు పడక్కర్లేదు.

రాతలో అపాస్ట్రఫీ ఎన్‌కూ టీకీ మధ్య పడాలి, ఎన్ ముందు కాదు. వోంట్‌లో అది మరిచిపోతే ‘అలవాటు’ అనే అర్థమున్న వేరే మాటైపోతుంది. ‘విల్ నాట్’ కుదిస్తే వోంట్ ఎందుకైందని ఒకరు అడిగితే మాస్టారు ‘అలా అంతే’ అన్నారు. ఒకప్పటి ఇంగ్లిష్‌లో ‘విల్’కు ‘వోల్’ అనే రూపం కూడా వాడుకలో ఉండేది, ‘వోల్ నాట్’ కుదించుకుని వోంట్ అయింది. అడిగిన పిల్లకు ఈ ముక్క చెప్పి ఉంటే ఎంత సంతోషపడేదో.

పదో రోజు పరీక్ష. అందులో ‘ఐ డిడెంట్ ఈట్ యెట్’కు సున్నా వేశారు. బ్రిటిష్ పద్ధతిలో ఇది తప్పే. అమెరికన్ల మామూలు మాటల్లో ‘డిడ్ యూ ఈట్ యెట్?’, ‘నో, ఐ డిడెంట్ ఈట్ యెట్’ వినిపిస్తూనే ఉంటాయి. రుషికొండ ఐటీ కొండ మీద అమెరికా ఫోన్లు ఎత్తే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. రాతలో, ఇంటర్వ్యూలో హావెంట్ వాడండి, అవతలివాళ్లు డిడెంట్ అంటే కంగారు పడకండి అంటే సరిపోయేది.

‘ఈట్’ తీసుకోవడం పాఠానికి బాగానే ఉంది, కానీ భోజనం గురించి ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కువగా వాడేది ‘హావ్’. ‘ఐ హావెంట్ హాడ్ లంచ్’. హావ్ మీద హాడ్ పడేసరికి మనవాళ్లకు అనుమానం వచ్చి ఒకటి తీసేస్తారు, ‘ఐ హావెంట్ లంచ్’ అయి కూర్చుంటుంది. మొదటిది సాయం చేసే క్రియ, రెండోది తినే క్రియ, రెండూ ఉండాల్సిందే. ‘హాడెంట్ హాడ్’, ‘వోంట్ హావ్ హాడ్’ కూడా అంతే. ఇంకొకటి, మనం మాత్ర వేసుకుంటాం, ఇంగ్లిష్‌లో ‘టేక్’: ‘ఐ హావెంట్ టేకెన్ మై టాబ్లెట్’. ఒక రోజు దీనికి కేటాయించి, నాలుగు పేజీల మూడో రూపం పట్టికలు తగ్గిస్తే బాగుంటుంది.

ఇక అసలు లేని పాఠం. ‘హావెంట్ యూ ఈటెన్?’ అని అడిగితే ఏమనాలి? తెలుగులో ‘తినలేదా?’ అంటే ‘ఊఁ, తినలేదు’ అంటాం, ‘అవునండీ, తినలేదు’ అంటాం. అడిగిన మాటకు ఒప్పుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో ఎస్, నో అడిగిన మాటకు కాదు, జరిగిన పనికి చెందుతాయి. తినకపోతే ‘నో, ఐ హావెంట్’. తింటే ‘ఎస్, ఐ హావ్’. ప్రశ్నలో నాట్ ఉన్నా లేకున్నా జవాబు మారదు. పరగడుపు షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. తెలుగు రాని నర్సు రక్తం తీసే ముందు ‘యూ హావెంట్ ఈటెన్ ఎనీథింగ్?’ అంటుంది. పెద్దాయన, నిజంగానే ఏమీ తినలేదు కాబట్టి, తల ఊపి ‘ఎస్’ అంటారు. తిన్నారని రాసుకుని రేపు రమ్మంటుంది. తిన్నాయన ‘నో, నో’ అని, అంటే అలా కాదు తిన్నానని చెప్పబోతే, తినలేదనుకుని రక్తం తీసేస్తుంది. చక్కెర లెక్క తప్పుతుంది, డాక్టరు మోతాదు పెంచొచ్చు. ఎస్, నో ఒంటరిగా వదలకుండా వెనక ‘ఐ హావెంట్’ అనో, ‘ఐ హావ్’ అనో తగిలిస్తే ప్రమాదం తప్పుతుంది. వైజాగ్‌లో నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంట్ కారణంగా దేశం నలుమూలల వాళ్లూ ఉన్నారు, ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట రోజూ ఎదురవుతుంది. హావెంట్ మీద పది రోజులు నడిపే బ్యాచ్‌లో దీనికి గంట లేకపోవడాన్ని పెద్ద లోటుగానే లెక్కపెట్టాలి.

గది గురించి రెండు మాటలు. రెండో అంతస్తు, మెట్లే, లిఫ్టు లేదు. ఏసీ లేదు, ఏప్రిల్, మే సాయంత్రాల ఉక్కకు వెనక బెంచీల్లో కూర్చోవడం కష్టం. బోర్డు పెద్దది, రాత చక్కగా కనిపిస్తుంది. ఒకరోజు తప్పిపోతే ఆ పాఠం తర్వాతి బ్యాచ్‌లో వినొచ్చు, అదనంగా అడగరు. మాస్టారు ఎవరినీ చిన్నబుచ్చరు, ‘తిన్నేదు’ అన్నవాళ్లను ‘తినలేదు’ అనమని దిద్దరు. ఇంగ్లిష్ నేర్పే చోట పిల్లల యాసకు ఇంత మర్యాద దొరకడం మంచి విషయం.

చేరాల్సినవాళ్లు: టెన్సుల పేర్లు తెలిసీ నోటికి రానివాళ్లు. ‘ఈట్, ఏట్, ఈటెన్’ కూడా రానివాళ్లకు వేగం ఎక్కువవుతుంది. అప్పటికే హావెంట్, డిడెంట్ తేడా తడబడకుండా పలికేవాళ్లకు పుస్తకం చాలు. విడిగా 150 రూపాయలకు ఇస్తారు, ద్వారకానగర్‌లోనే ఉన్న పౌర గ్రంథాలయంలో కూర్చుని మంచి గ్రామర్ పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. కొన్న వెంటనే 19వ పేజీ తెరిచి, పై నుంచి అయిదో వాక్యంలో ‘హాడెంట్ ఈటెన్’ కొట్టేసి ‘డిడెంట్ ఈట్’ అని పెన్నుతో రాసుకోండి. ఆ పేజీ కింద ఖాళీ ఉంది, ‘నో, ఐ హావెంట్’, ‘ఎస్, ఐ హావ్’ అక్కడ పడతాయి.